నీట్‌లో మార్కులు తగ్గాయా? లాంగ్ టర్మ్‌కి డబ్బు కట్టేముందు ఇలా తేల్చుకో

నీట్ (ఎంబీబీఎస్ సీట్ల కోసం రాసే పరీక్ష) రిజల్ట్ వచ్చిన రోజు రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆ సాయంత్రమే కోచింగ్ సెంటర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి, ఈ వారంలో లాంగ్ టర్మ్‌లో (మళ్లీ నీట్ రాయడానికి ఏడాది పాటు తీసుకునే కోచింగ్‌లో) చేరితే ఫీజులో రాయితీ ఇస్తామంటారు. ఇంకోపక్క మేనమామ ఫోన్ చేసి ఇంకో ఏడాది చదివించండి బావా అంటాడు, పిన్ని ఆడపిల్లకి ఇంకో ఏడాది ఎందుకక్కా, ఫార్మసీలో వేసేయండి అంటుంది. వీళ్లలో ఒక్కరు కూడా నీ పేపర్ చూసి ఉండరు. అసలు నువ్వు కూడా ఇంకా చూసుకుని ఉండవు.

నేను ఒంగోలులో ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను, 16 ఏళ్లవుతోంది. ఇది రాయడానికి కారణం మా తమ్ముడు. వాడికి మొదటిసారి మార్కులు తగ్గినప్పుడు మూడు రోజుల్లో తీసుకెళ్లి ఒక హాస్టల్ కోచింగ్‌లో వేసేశాం. అదే మెటీరియల్, అదే టైంటేబుల్, అదే ఫిజిక్స్ భయం. ఏడాది తిరిగాక వాడికి పెరిగినవి 11 మార్కులు. డబ్బు పోయిందన్న బాధ కొన్నాళ్లకి తగ్గిపోయింది కానీ, వాడి పేపర్ ఒక్కసారైనా విప్పి చూడలేదే, ఎక్కడ పోతున్నాయిరా అని ఒక్క మాట అడగలేదే అన్నది మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. అందుకే మా కాలేజీలో ఏ పిల్ల ఏడుస్తూ వచ్చినా, ఏ పిల్లాడు తల దించుకుని నిలబడినా, నేను ముందు అడిగేది పేపర్ తెచ్చావా అని.

ముందు పేపర్, ఓఎంఆర్, కీ మూడూ సంపాదించు

ప్రశ్నపత్రం పరీక్ష నుంచి ఇంటికి తెచ్చుకునే ఉంటావు. నీ ఓఎంఆర్ (నువ్వు బబుల్స్ దిద్దిన జవాబు పత్రం) స్కాన్ కాపీ, కీ రెండూ నీట్ పెట్టే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో పెడతారు. ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకో, తర్వాత చూద్దాంలే అనుకుంటే లింకు ఉండకపోవచ్చు. ఒక పూట ఎవరూ పలకరించని చోట కూర్చో. మూడు రంగుల పెన్నులు దగ్గర పెట్టుకుని, తప్పుపోయిన ప్రతి ప్రశ్నకీ ఒక రంగు వెయ్యి.

ఆకుపచ్చ: ఛ, ఇది నాకు తెలుసే, సరిగ్గా చదవలేదు, లెక్క తప్పింది, బబుల్ పక్కది దిద్దాను అనిపించేవి. నీలం: రెండు ఆప్షన్ల దాకా వచ్చి అక్కడ ఊగిసలాడి తప్పుది పెట్టినవి. ఎరుపు: ఏమీ తెలియక ఏదో ఒకటి దిద్దేసినవి. వదిలేసిన ప్రశ్నల చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టు. నీకు నువ్వు అబద్ధం చెప్పుకోకు, చాలామంది నీలాన్ని ఆకుపచ్చ చేసేస్తారు.

ఒక అమ్మాయి లెక్క చెబుతాను. కొండపి దగ్గర పల్లె, వాళ్ల నాన్న పొగాకు రైతు. స్కోరు 318. ఇంట్లో అందరికీ కనిపించింది ఆ ఒక్క అంకే. మేమిద్దరం కూర్చుని విడగొడితే 180 ప్రశ్నల్లో 90 ఒప్పు, 42 తప్పు, 48 వదిలేసింది. ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1, అంటే 360లో 42 పోయి 318. సబ్జెక్టుల వారీగా చూస్తే బయాలజీలో 360కి 243, కెమిస్ట్రీలో 180కి 58, ఫిజిక్స్‌లో 180కి 17. అవును, పదిహేడే. ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలుంటే 27 ముట్టుకోలేదు.

తప్పుపోయిన 42లో ఆకుపచ్చవి 9, నీలం 21, ఎరుపు 12 వచ్చాయి. ఇప్పుడు చూడు. ఆకుపచ్చ ఒక్కోటి సరిదిద్దుకుంటే 5 మార్కులు (పోయిన ఒకటి ఆగుతుంది, నాలుగు వస్తాయి), అంటే 45. ఎరుపువి ముట్టుకోకుండా వదిలేసి ఉంటే 12. కొత్తగా ఒక్క పాఠం చదవకుండానే 375 దగ్గర ఉండాల్సిన పిల్ల. అయితే 375తో కూడా కన్వీనర్ కోటా (ర్యాంకుని బట్టి తక్కువ ఫీజుకి ఇచ్చే) సీటు మీద ఆశ పెట్టుకోలేం కాబట్టి, అసలు ప్రశ్న ఆ 27 ఖాళీలది.

రఫ్ వర్క్ కూడా చూడాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఆ అమ్మాయి పేపర్ మార్జిన్‌లో ఒక రెసిస్టెన్స్ లెక్క ఉంది. సర్క్యూట్‌ని చక్కగా కుదించి, ఓమ్స్ లా సరిగ్గా వేసి, చివర్లో 12ని 8తో భాగించి 1.2 అని రాసుకుంది. ఆ జవాబు ఆప్షన్లలో లేదు, దాంతో ప్రశ్న వదిలేసింది. అలాంటివి నాలుగు దొరికాయి. ఫిజిక్స్ రాదు రాదు అని రెండేళ్లుగా అనుకుంటున్న పిల్లకి నిజానికి ఆ నాలుగు చోట్లా రానిది చేతి భాగహారం. బైపీసీ పిల్లలు పదో తరగతితో లెక్కలు మూసేస్తారు, భిన్నాలు, దశాంశాలు, లాగ్‌లు, సైన్ కాస్ విలువలు, వెక్టర్లు ఎవరూ మళ్లీ కూర్చోబెట్టి చెప్పరు, క్యాలిక్యులేటర్ ఉండదు, చివరికి నిందంతా ఫిజిక్స్ మీద పడుతుంది.

నీ కాగితం మీద ఏ రంగు ఎక్కువుందో దాన్ని బట్టి నేనైతే ఇలా అంటాను. ఖాళీలు ఒకే సబ్జెక్టులో కుప్పగా ఉండి, బయాలజీ గట్టిగా ఉంటే ఏడాది పెట్టడానికి అర్థం ఉంది, ఎందుకంటే ఎక్కడ పని చెయ్యాలో తెలుసు. మూడు సబ్జెక్టుల్లోనూ నీలం పరుచుకుని ఉంటే చదివావు కానీ రివిజన్ లేదని. అది కూడా బాగుపడుతుంది, కాకపోతే రోజూ టెస్టులు రాయాలి. బయాలజీలోనే సగం ఎరుపు ఉంటే కాస్త ఆగి, డాక్టర్ అవ్వాలన్నది నీ కోరికా ఇంట్లోవాళ్లదా అని నిదానంగా ఆలోచించు. బయాలజీ చదవబుద్ధి కాని పిల్లకి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు చాలా పొడుగు.

తర్వాత ర్యాంకు చూడు

పోయినేడు ఫలానా వాళ్లకి ఇన్ని మార్కులకే సీటొచ్చింది అనే మాట పట్టుకుని లెక్కలు వెయ్యకు. 2024లో 720కి 720 వచ్చినవాళ్లున్నారు, 2025లో ఫిజిక్స్ బాగా కఠినంగా వచ్చి దేశం మొత్తంలో అత్యధిక మార్కులే 686. జనరల్ అర్హత మార్కు 2024లో 162 ఉంటే 2025లో 144కి దిగింది. రెండేళ్ల మార్కులు పక్కపక్కన పెడితే ఏమీ తెలియదు. ఇంకోటి, క్వాలిఫై అవ్వడం వేరు, సీటు రావడం వేరు. 150 వస్తే క్వాలిఫై అని సంబరపడి కౌన్సెలింగ్‌కి వెళ్లి దిగులుగా తిరిగొచ్చినవాళ్లని చూశాను.

ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో కిందటేడు ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో, ఏ ర్యాంకుకి సీటిచ్చారో ఆ జాబితాలుంటాయి. నీ కేటగిరీలో చివరి ర్యాంకు ఎంతో రాసుకుని పక్కన నీ ర్యాంకు రాసుకో. ఆ మధ్య దూరమే నువ్వు ఏడాదిలో నడవాల్సిన దారి.

ఇక్కడ మన రెండు జిల్లాల వాళ్లు తప్పకుండా చూసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పాత ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలోకి (సీట్లిచ్చేటప్పుడు స్థానికులుగా లెక్కేసే ప్రాంతం) వస్తుంది, పాత నెల్లూరు జిల్లా శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ ఏరియాలోకి. పక్కపక్క ఊళ్లే అయినా సింగరాయకొండ ఒకవైపు, కావలి ఇంకోవైపు. రెండు ఏరియాల కటాఫ్‌లు (సీటొచ్చిన చివరి ర్యాంకులు) ఒకటిగా ఉండవు. పైగా ఇది మీ సొంతూరుని బట్టి ఉండదు, నువ్వు చదివిన చోటుని బట్టి ఉంటుంది. ఇంటర్ రాసే ఏడాదితో కలిపి వెనక్కి వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావో చూస్తారు. తొమ్మిది, పది ఒంగోలులో చదివి ఇంటర్ నెల్లూరు హాస్టల్‌లో చదివిన పిల్లలకి అలా వరుస నాలుగేళ్లు కుదరదు, అప్పుడు ఏడేళ్లు తీసుకుని ఎక్కువ కాలం ఎక్కడ చదివారో లెక్కేస్తారు. స్టడీ సర్టిఫికెట్లు ముందే తెచ్చి పెట్టుకో. నువ్వు ఏ ఏరియాకి లోకల్ అన్నది తెలియకుండా కటాఫ్ చూస్తే పక్కింటివాళ్ల కరెంటు బిల్లు చూసి మన బిల్లు కట్టినట్టుంటుంది.

కౌన్సెలింగ్ రౌండ్లన్నీ అయ్యేదాకా చూడు. చివరి రౌండ్లలో ర్యాంకులు దిగుతాయి. కాకపోతే ఆఖరి స్ట్రే రౌండ్లో (మిగిలిపోయిన సీట్లకి పెట్టేది) ఆప్షన్లు ఊరికే పెట్టి చూద్దాం అనుకోకు. సీటొచ్చాక చేరకపోతే డిపాజిట్ పోతుంది, ఆలిండియా కౌన్సెలింగ్‌లో అయితే తర్వాతి ఏడాది నీట్ రాసే వీలు కూడా పోతుంది. ఆ ఏడాది నిబంధనల పుస్తకం పూర్తిగా చదివాకే బటన్ నొక్కు.

పది రోజుల పరీక్ష పెట్టుకో

నేను దీన్నే అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను. ఏడాదికి డబ్బు కట్టేముందు పది రోజులు ఇంట్లోనే లాంగ్ టర్మ్ చేసి చూడు. నీకు బాగా భయమైన ఒక్క చాప్టర్ తీసుకో, కరెంట్ ఎలక్ట్రిసిటీ అనుకుందాం. మొదటి మూడు రోజులు ఎన్‌సీఈఆర్‌టీ పాఠం, అందులోని ఉదాహరణ లెక్కలు, పెన్నుతో, చూడకుండా. తర్వాతి అయిదు రోజులు రోజుకి 20 చొప్పున పాత నీట్ ప్రశ్నలు, మొత్తం 100. తొమ్మిదో రోజు తప్పుపోయినవి మళ్లీ. పదో రోజు అంతకుముందు చూడని 20 ప్రశ్నలు, గడియారం ముందు పెట్టుకుని 20 నిమిషాల్లో. నీట్ కూడా 180 ప్రశ్నలకి 180 నిమిషాలే కాబట్టి లెక్క సరిపోతుంది.

ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజూ ఎన్నింటికి కూర్చున్నావు, ఎన్నింటికి లేచావు, ఫోన్ ఎన్నిసార్లు ముట్టుకున్నావు అన్నది రాసుకో. ఎవరికీ చూపించక్కర్లేదు. మొదటి మూడు రోజులు ఉత్సాహంతో అందరూ కూర్చుంటారు. అయిదో రోజు, బయట ఉక్కపోత, ఇంట్లో పెళ్లి పిలుపులు, ఫ్రెండ్స్ కాలేజీల్లో చేరుతున్న ఫొటోలు, ఆ రోజు కూడా కూర్చున్నావా లేదా అన్నది చూసుకో. పదో రోజు 20కి 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఒప్పయితే నీకు ఫిజిక్స్ వస్తుంది, ధైర్యంగా ఏడాది పెట్టు. 7 నుంచి 11 మధ్య ఉంటే ఇంకో చాప్టర్‌తో ఇంకో పది రోజులు చూడు. మార్కులు అంతకంటే తక్కువైనా పది రోజులూ కూర్చోగలిగి ఉంటే, చెప్పేవాళ్లు సరిగ్గా దొరికితే దారి ఉంది. అసలు కూర్చోబుద్ధే కాకపోతే, నాన్నా, అమ్మా, దానికి సిగ్గుపడొద్దు, ఆ సంగతి పది రోజుల్లో తెలిసింది, పది నెలలు పోయాక తెలియలేదు.

వచ్చే ఏడాది ఏం మారుతుందో రాయి

ఒక తెల్లకాగితం. ఎడమవైపు ఈసారి ఎందుకు తగ్గాయో రాయి, కుడివైపు వచ్చేసారి అది ఎలా మారుతుందో రాయి. ఇంటర్ ఫస్టియర్‌లో జ్వరం వచ్చి రెండు నెలలు పోయాయి, ఇప్పుడు ఆ చాప్టర్లు మొదటి నుంచి చదువుతాను, అలా. హాస్టల్ తిండి పడక కడుపు నొప్పితో సగం రోజులు పడుకున్నాను, ఈసారి ఇంటి నుంచి వెళ్లొస్తాను, అలా. కుడివైపు "బాగా కష్టపడతాను" అని రాస్తే దాన్ని కొట్టెయ్యి. కష్టపడింది పోయినేడు కూడా. ఏ పని, ఎన్నింటికి, ఎవరి దగ్గర అన్నది ఉండాలి. కుడివైపు రాయడానికి రెండు మూడు గట్టి మార్పులు దొరక్కపోతే వచ్చే మేలో కూడా ఇదే స్కోరు చుట్టూ తిరుగుతావు.

రెండుసార్లు లాంగ్ టర్మ్ చేశాక, మూడు ప్రయత్నాల్లో స్కోరు 30 మార్కుల మధ్యే ఊగుతుంటే నేనైతే ఆపమంటాను. నీట్‌కి వయసు పైపరిమితి లేదు, ఇన్నిసార్లే రాయాలన్న లెక్కా లేదు, నిజమే. ఆ వెసులుబాటు ఉంది కదా అని పిల్లలు 22, 23 దాకా అదే గదిలో ఉండిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

డబ్బు సంగతి

దీన్ని పెద్దవాళ్లకి వదిలేయకు, నువ్వు కూడా కూర్చో. కోచింగ్ ఫీజు, హాస్టల్, మెస్, మెటీరియల్, టెస్ట్ సిరీస్, నెలనెలా రాకపోకలు, చివరికి నీట్ అప్లికేషన్ ఫీజు (2025లో జనరల్‌కి 1700, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌కి 1600, ఎస్సీ, ఎస్టీలకి 1000) అన్నీ ఒక చోట రాయండి. మన వైపు డబ్బు నెలజీతంలా రాదు. పొగాకు వేలం అయితేగానీ చేతికి రాదు, రొయ్యల చెరువుకి వైరస్ వస్తే ఆ పంట అంతటితో సరి, నిమ్మకాయల ధర ఈ వారం ఒకటైతే పైవారం ఇంకోటి. కాబట్టి ఫీజు మూడు నాలుగు విడతలుగా కడతామని ముందే అడగండి, చాలామంది ఒప్పుకుంటారు. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. నోటి మాట నమ్మొద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కోచింగ్ వాళ్లకి ఇవ్వొద్దు. మా తమ్ముడి టీసీ, మెమోలు అట్టిపెట్టుకుని, మిగిలిన ఫీజు కడితేనే ఇస్తామన్నారు, ఆ గొడవలో వాడికి ఒక కౌన్సెలింగ్ తారీఖు దాటిపోయింది. జిరాక్స్ ఇస్తే చాలు.

కోచింగ్ ఎంచుకునేటప్పుడు గోడ మీద ఫొటోలు చూడకండి. లాంగ్ టర్మ్ బ్యాచ్‌కి ఫిజిక్స్ చెప్పేది ఎవరో అడిగి, ఆయన క్లాసు ఒకటి వెనక బెంచీలో కూర్చుని వినండి. సెక్షన్‌లో ఎంతమంది, డౌట్లు అడగడానికి విడిగా టైం ఉందా, టెస్ట్ అయ్యాక తప్పులు ఎవరైనా కూర్చుని చూస్తారా, ఈ మూడూ అడగండి. పదో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టి చెప్పే ఫిజిక్స్ సార్ దొరికితే చిన్న సెంటరైనా ఫర్వాలేదు.

మిగతా దారులు కూడా పక్కన పెట్టుకో

బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో సీట్లు కూడా నీట్ ర్యాంకుతోనే ఇస్తారు, వెటర్నరీలో ఆలిండియా కోటా 15 శాతం సీట్లు కూడా. ఏపీ ఈఏపీసెట్ (ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ ప్రవేశ పరీక్ష) రాసి ఉంటే అగ్రికల్చర్ బీఎస్సీ, బీఫార్మసీ, ఫార్మ్ డీ ఉన్నాయి, అగ్రికల్చర్‌లో రైతుల పిల్లలకి ప్రత్యేక కోటా ఉంది, పొలం పాస్‌పుస్తకం ఉన్న ఇళ్లవాళ్లు దాన్ని వదులుకోవద్దు. వీటిలో చేరి పక్కన నీట్ చదువుతానంటే మొదటి ఏడాది ల్యాబులు, రికార్డులతో కుదరడం కష్టం, రెండిట్లో ఏదో ఒకటి నలుగుతుంది. విదేశాల్లో ఎంబీబీఎస్ అని ఏజెంట్లు ఇంటికొస్తే, నీట్ క్వాలిఫై అయి ఉండాలని, కోర్సు కనీసం 54 నెలలు ఇంగ్లిష్‌లో ఉండాలని, తిరిగొచ్చాక ఇక్కడ పరీక్ష పాసవ్వాలని వాళ్లు చెబుతున్నారో లేదో చూడండి. ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటుకి ఏడాదికే పది లక్షలు దాటుతుంది, పొలం అమ్మి కట్టాల్సివస్తే నేను వద్దంటాను.

ఇంట్లో చెప్పేటప్పుడు

తల్లిదండ్రులకి ఒక మాట. ఈ నెల రోజులు పక్కింటి పిల్లాడి ర్యాంకు ఇంట్లో ఎత్తకండి. అన్నం తినకపోయినా, నిద్రపోకపోయినా, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోనే ఉన్నా, వయసు అలాంటిదిలే అని వదిలేయకండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, ఏ టైంలోనైనా, డబ్బు అడగరు. పిల్లలూ, మీరే చేయొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక నువ్వు చెప్పేటప్పుడు ఫోన్లో చెప్పకు, ఎదురుగా కూర్చుని చెప్పు. రంగులు వేసిన పేపర్, పది రోజుల నోట్‌బుక్, ఖర్చుల కాగితం ముందు పెట్టు. కొండపి అమ్మాయి అలాగే చేసింది. పదో రోజు ఆమెకి 20కి 13 వచ్చాయి. ఆ రాత్రి భోజనాలయ్యాక వరండాలో నాన్న ముందు కాగితాలు పరిచి, ఎక్కడ పోయాయో, ఎన్ని తెచ్చుకోగలదో అంకెలతో చెప్పిందట. వాళ్ల నాన్న చదివింది ఏడో తరగతి. ఆయన ఆ ప్రశ్నపత్రం లైటు కిందికి తీసుకెళ్లి, ఒక్కో పేజీ తిప్పి, పెన్సిల్ సున్నాలు లెక్కపెట్టి, "ఈ ఖాళీలు పూడ్చే అయ్యవారు యాడుంటాడో ముందు ఆయన్ని చూద్దాం పదమ్మా, డబ్బు సంగతి వేలం అయినాక చూసుకుందాం" అన్నాడట. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఒంగోలు బస్సెక్కి వచ్చి, మూడు సెంటర్లలో మూడు క్లాసులు వెనక బెంచీలో కూర్చుని విని వెళ్లారు.